మూత రాని భరిణెలు

మీ చేత్తో చేసిన వస్తువు ఏదైనా సరే, మా వైపు ఎవరింటికైనా పట్టుకెళ్ళి, వాళ్ళ చేతిలో పెట్టి, "ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. "చాలా బాగుందండీ" అంటారు. మీరు పెట్టింది చెక్క భరిణె అయినా, మాడిపోయిన గారె అయినా జవాబు అదే. ఎదుటిమనిషి మొహం మీద బాగాలేదని చెప్పడమంటే విస్తరి ముందునుంచి మనిషిని లేపేసినంత పాపం మాకు. ఈ సంగతి నాకు కొత్త కాదు. విజయవాడలో పుట్టి పెరిగిన దాన్ని, ఆ మాట నేనూ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అయినా నేను చేసిన వస్తువు గురించి ఎవరైనా ఆ మాట అంటే మాత్రం నిజమేనని నమ్మేదాన్ని. పొగడ్త దగ్గర ఎవరి తెలివీ పనిచేయదు.

బ్యాంకు ఉద్యోగం నుంచి గడువుకి ముందే బయటికి వచ్చేసినప్పుడు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని అందరూ అడిగారు. భజనకి రమ్మన్నారు, పార్కులో నడవమన్నారు, ఊరగాయలు పెట్టి అమ్మమన్నారు. నాకు మొదటిదానికి గొంతు లేదు, రెండోదానికి ఓపిక లేదు, మూడోది పెట్టడం కంటే తినడమే ఇష్టం. ఒకరోజు ఫోనులో ఏదో చూస్తుంటే, ఎక్కడో చలిదేశంలో ఒక ముసలాయన గిరగిరా తిరిగే దుంగకి ఉలి ఆనించి చక్కటి గిన్నె తీయడం కనిపించింది. లోపలున్న గిన్నెని బయటికి పిలుస్తున్నట్టే ఉంది. అన్నం మాడుతున్నా లేవకుండా చూశాను. నెల తిరక్కుండా ఆటోనగర్‌లో ఇనప సామాను గుట్టల మధ్య పడి ఉన్న, చెక్క తిప్పే చిన్న లేత్ మిషను ఒకటి బేరమాడి తెచ్చుకున్నాను. పాతకాలం వాళ్ళు దీన్నే తరిమెన అనేవారు. మంచం కోళ్ళూ, కవ్వాలూ, బొంగరాలూ దాని మీదే తయారయ్యేవి.

మా అపార్టుమెంటు సెల్లార్‌లో, స్కూటర్ల పక్కనున్న చిన్న గదిలో మిషను పెట్టుకున్నాను. చెక్కపొట్టు గడప దాటి లోపలికి రాకూడదని మా ఆయన ఒక్కటే షరతు పెట్టారు. ఆయన పాత చొక్కా తొడుక్కుని, కళ్ళకి పెద్ద అద్దాలూ మూతికి గుడ్డా కట్టుకుని నేను మెట్లు దిగుతుంటే, కొత్తగా అద్దెకి వచ్చిన వాళ్ళు దోమల మందు కొట్టే మనిషిననుకుని మా ఇంట్లో కూడా కొట్టి వెళ్ళమని అడిగారు. కర్రకి కొదవ లేదు. పామర్రులో మా ఆయన అక్కగారు ఉంటారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాలవ గట్టున కొట్టేసిన నిద్రగన్నేరు దుంగలు, ఎండిపోయిన వేప మొద్దులు ఆవిడ పెరట్లో బోలెడు పడి ఉండేవి. వడ్ల బస్తాలు వేసుకొచ్చే ఆటోలో నాలుగైదు ముక్కలు పడేసి పంపేవారు.

మొదట ఫ్లవర్ వాజులు చేశాను. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట, పైన విచ్చుకున్న అంచు. నిద్రగన్నేరు చెక్కలో లేత పసుపూ ముదురు గోధుమ రంగూ కలిసి అలలు అలలుగా వస్తాయి. మైనం పూసి రుద్దితే నా కళ్ళు నాకే జిగేలుమనేవి. చుట్టాలకీ స్నేహితులకీ పంచాను. అందరూ చాలా బాగుందండీ అన్నారు. తర్వాత వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు చూద్దును కదా, ఒకరింట్లో దానిలో అగరొత్తుల కట్ట ఉంది, ఇంకొకరింట్లో టీవీ రిమోట్లు ఉన్నాయి, మరొకరింట్లో గొడుగు దిగేసి ఉంది. తప్పు వాళ్ళది కాదు. మా ఇళ్ళలో పూలు దేవుడికి, మిగిలితే జడకి. వాటిని కూజాలో నిలబెట్టి చూస్తూ కూర్చునే అలవాటు ఎవరికీ లేదు. నా పాత సహోద్యోగిని ఒకావిడ మాత్రం నామీద గౌరవం కొద్దీ నీళ్ళు పోసి చామంతులు పెట్టింది. తెల్లారేసరికి టీవీ బల్లంతా తడి. "చాలా బాగుందండీ, కాస్త చెమ్మ వస్తుందంతే" అని ఫోను చేసి మరీ చెప్పింది.

ఇక మా కింది ఫ్లాటులో ఉండే ఆమె సంగతి చెప్పాలి. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్తకి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఉంది. ఇద్దరు ఆడపిల్లలు. రంజానుకి వాళ్ళింటి సేమ్యా, ఉగాదికి మా ఇంటి పచ్చడి మెట్ల మీద ఎదురెదురుగా వెళ్తుంటాయి. నేను చేసిన వాటిలో అన్నిటికంటే నాజూకైన వాజుని ఆమెకి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టి, ఒక వేలితో బల్లని కదిపింది. వాజు కాసేపు ఊగి, ఆలోచించుకుని, పక్కకి పడిపోయింది.

"పైన బరువెక్కువైంది అక్కా, కింద బ్యాలెన్స్ లేదు" అంది. "అందంగా ఉంది గానీ ఫ్యాను వేస్తే పడిపోద్ది."

పేపర్లు దిద్దీ దిద్దీ ఆమె కళ్ళకి ఎక్కడ చూసినా తప్పులే కనిపిస్తాయని మా ఆయనతో అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఆ వారం ఆమె పంపిన బగారా వంకాయ గిన్నెని తోమి, తుడిచి, ఖాళీగా తిరిగి పంపాను. ఇరుగుపొరుగు మర్యాదలు తెలిసిన వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఖాళీ గిన్నె పంపడమంటే యుద్ధం ప్రకటించినట్టే. ఆమె మర్నాడే అదే గిన్నె నిండా పరమాన్నం పోసి పంపింది. అలాంటి మనిషితో యుద్ధం చేయడం ఎవరి వల్లా కాదు. తర్వాత చేసిన వాజులకి అడుగు వెడల్పు చేశాను, కానీ ఆ మాట ఆమెకి చెప్పలేదు.

వాజుల మోజు తీరాక మూతల డబ్బాల మీద పడ్డాను. భరిణె అంటే మా ఆడవాళ్ళందరికీ తెలిసిన వస్తువు, గొడుగు పెట్టడానికి వీల్లేనిది కూడా. చలిదేశాల వీడియోల్లో ఈ పనికొక పరీక్ష ఉంది. డబ్బా అయ్యాక, చేసినాయన దాన్ని కెమెరా దగ్గరికి తెచ్చి మూత లాగుతాడు. టప్ మని శబ్దం రావాలి. ఆ శబ్దం వస్తేనే బిగి సరిపోయినట్టు, పనిమంతుడైనట్టు. నాకు ఆ టప్ పట్టుకోవడానికి వేసవి సగం పట్టింది. వెంట్రుకవాసి ఎక్కువ గీస్తే మూత జారిపోయేది, తక్కువ గీస్తే దిగేది కాదు. చివరికి మే నెలలో ఒక మధ్యాహ్నం, వేప చెక్కతో చేసిన చిన్న భరిణె మూత లాగితే వచ్చింది ఆ శబ్దం. ఆనందం పట్టలేక మూత పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం. వాచ్‌మన్ ఏదో పేలిందని వచ్చి చూసి వెళ్ళాడు.

అప్పుడు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారు. సెల్లార్‌లో గాలి కూడా వేయించిన శనగపప్పులా ఉండేది. ఆ ఎండల్లోనే మా ఆయన పదవీ విరమణ విందు జరిగింది. వచ్చిన ఆడవాళ్ళందరికీ తాంబూలంతో పాటు నా భరిణె ఒక్కోటి, నిండా కుంకుమ పోసి పెట్టాను. హాలంతా టప్ టప్ మంటూ మోగింది. భోజనాల దగ్గర కూడా ఆ శబ్దమే. ఆయన విరమణ విందు కాస్తా నా అరంగేట్రం అయిపోయిందని ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఆ విందుకి కింది ఫ్లాటు ఆమె కూడా వచ్చింది. అప్పటికే వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది, ఆగస్టు ఆఖర్లో నిఖా. కుంకుమ బదులు యాలకులు పోసిచ్చిన తన భరిణెని ఆమె రెండుసార్లు తెరిచి మూసింది. "శబ్దం బాగుంది" అంది. ఎంత అడిగినా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ మర్నాడు పైకి వచ్చి సోఫాలో కూర్చుంది.

"అక్కా, అబ్బాయి తరఫు ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ ఇలాంటి డబ్బా ఇద్దామనుకుంటున్నాను. లోపల ఖర్జూరాలు, బాదం, పటికబెల్లం. చేసిపెడతారా?"

నాకు గాల్లో తేలినట్టయింది. ఆమె మాత్రం నవ్వడంలేదు. వియ్యాలవారిది మచిలీపట్నం, పెద్ద కుటుంబం, అన్నీ పట్టిపట్టి చూసే మనుషులు. నిశ్చితార్థంలో వీళ్ళు పెట్టిన మిఠాయిలో నెయ్యి తక్కువైందని అబ్బాయి నాయనమ్మ అందరూ వింటుండగా అన్నదట. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. "మా ఇంట్లో ఇదే మొదటి పెళ్ళి. ఈసారి మావైపు నుంచి ఏ లోటూ ఉండకూడదు" అంది.

జూన్ మొదటి వానకి ముందే అన్నీ చేసి ఇచ్చేశాను. టేకు ముక్కలతో, గుండ్రంగా, అరచేతిలో ఇమిడేటట్టు. మూతకీ డబ్బాకీ చెక్క గీతలు కలిసిపోయి ఎక్కడ తెరవాలో కనపడకుండా చేశాను. అదీ ఆ వీడియోల్లో నేర్చుకున్న గొప్పే. ఆమె వాటిని జరీ సంచుల్లో పెట్టి, విందులో ఇచ్చిన భరిణెతో సహా బీరువా మీద సర్దింది. పెళ్ళికి రెండు రోజుల ముందు నింపుదామని అనుకున్నాం. ఒక్క డబ్బా మాత్రం పెళ్ళికూతురు తన గదిలోకి తీసుకెళ్ళి జడపిన్నులు వేసుకుంది.

శ్రావణమాసం వచ్చింది. మొదటి శుక్రవారం బెంజ్ సర్కిల్ దగ్గరున్న నా పాత సహోద్యోగిని ఇంటికి పేరంటానికి వెళ్ళాను. నా భరిణె పూజ పీట మీద, అమ్మవారి పక్కనే ఉంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక మల్లెపువ్వు కూడా పెట్టారు. ఆవిడ నాకు కుంకుమ మాత్రం పాత ఐస్‌క్రీం డబ్బాలోంచి తీసి పెట్టింది. రెండో ఇంట్లోనూ అంతే, నా భరిణె దేవుడి దగ్గర, కుంకుమ స్టీలు గిన్నెలో. మూడో ఇంట్లో అయితే భరిణెకి హారతి కూడా ఇచ్చారు. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను, నేను చేసినవి ఎవరూ వాడడం లేదు, వాటిని పూజిస్తున్నారు అని. ఆయన ఇడ్లీ తుంచుకుంటూ, "దేవుణ్ణి చేసినంత పని చేశావన్నమాట" అన్నారు. అందులో వెటకారం నాకు వినపడలేదు.

తర్వాతి శుక్రవారం పామర్రులో వదినగారింట్లో వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా ముసురు. నాట్లు పడిన చేలలో నీళ్ళు, కాలవలో నీళ్ళు, బస్సు కిటికీలోంచి నా ఒళ్ళో కూడా నీళ్ళే. వెళ్ళేసరికి వదినగారి హాలు నిండా పేరంటాళ్ళు. ముప్పాతిక మంది మా విందుకి వచ్చినవాళ్ళే. నా కాళ్ళకి పసుపు రాసి, వదినగారు కుంకుమ కోసం స్టీలు గిన్నె అందుకున్నారు.

"అదేంటి వదినగారూ, నేనిచ్చిన భరిణె ఉందిగా" అని పీట మీద ఉన్నదాన్ని నేనే చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళందరి ముందూ ఆ శబ్దం ఇంకోసారి వినిపిద్దామని నా ఆశ.

మూత రాలేదు. చేతికి తడి ఉందేమోనని కొంగుతో పట్టుకుని లాగాను. రాలేదు. మెలితిప్పాను, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో లాగాను. తలెత్తి చూస్తే పేరంటాళ్ళందరూ తలలు వంచుకుని వాయనంలో ఇచ్చిన నానబెట్టిన శనగల్ని లెక్కపెట్టుకుంటున్నారు. ఒక్కరూ నావైపు చూడడంలేదు. చివరికి ఒకావిడ గొంతు సవరించుకుని, "బాగా గట్టిగా చేశారండీ" అంది.

వదినగారికి ముందు భుజాలు కదిలాయి. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇక ఆగలేక పకపకా నవ్వేశారు. దాంతో హాలంతా కట్ట తెగింది. అందరి భరిణెలదీ అదే కథ. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఒక్కటీ తెరుచుకోలేదు.

"మా ఆయన తలుపు సందులో పెట్టి నొక్కితే తలుపు బందు ఊడింది గానీ మూత రాలేదండీ" అని ఒకావిడ.

"మేము పట్టకారుతో లాగాం. తర్వాత పాపం కదా అని దేవుడి దగ్గర పెట్టేశాం."

"లోపల కుంకుమ ఎన్నాళ్ళైనా తరగదు కదా, మంచి శకునమే అనుకున్నామండీ."

"మీ అన్నయ్యగారు రోకలి తీసుకొస్తే నేనే కాళ్ళు పట్టుకుని ఆపాను" అన్నారు వదినగారు కళ్ళు తుడుచుకుంటూ.

తేలు కుట్టిన దొంగలా కాసేపు కూర్చున్నాను. కానీ ఆ రోకలి మాట దగ్గర నాకూ నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి వచ్చాక అడిగాను, ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని.

"నువ్వేమడిగావు? ఎలా ఉందని అడిగావు" అన్నారు వదినగారు. "చూడ్డానికి బాగుంది. అదే చెప్పాం. తెరుచుకుంటుందా అని అడిగితే అప్పుడు చెప్పేవాళ్ళం."

ఆ మాటకి నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. బీరువా మీద జరీ సంచుల్లో ఉన్న డబ్బాలు గుర్తొచ్చాయి. నిఖాకి ఇంక పది రోజులే ఉంది. పులిహోర కూడా తినకుండా బస్సెక్కేశాను.

నేరుగా కింది ఫ్లాటుకి వెళ్ళి, జరిగింది చెప్పాను. ఆమె స్టూలెక్కి సంచులు దించింది. ఇద్దరం మంచం మీద కూర్చుని ఒక్కో డబ్బా లాగాం. ఒక్కటీ రాలేదు. వాళ్ళాయన వచ్చి లాగారు. రాలేదు. మూతకీ డబ్బాకీ మధ్య గీత కూడా కనపడకుండా నేను చేసిన పనితనం ఎంత గొప్పదో ఆయన గోరు విరిగినప్పుడు తెలిసింది.

"మా వియ్యపురాలు హాలు మధ్యలో నిలబడి మూత లాగుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి అక్కా" అంది ఆమె. కోపం లేదు గొంతులో. అది ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

బజారుకెళ్ళి వెండి పూత డబ్బాలు కొనేద్దాం, నేనే తెస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "కార్డు ఇచ్చినప్పుడే వాళ్ళకి చెప్పాను, మా అక్క చేతిపని పెడుతున్నానని. ఇప్పుడు వేరేవి పెడితే మాట తప్పినట్టు అవుద్ది. అవి కాదు, ఇవే తెరుచుకోవాలి."

అప్పుడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పెళ్ళికూతురు, "నాది తెరుచుకుంటుందిగా" అంది. వెళ్ళి తన జడపిన్నుల డబ్బా తెచ్చి మా మొహాల ముందు లాగింది. టప్ మంది. ముగ్గురం దాన్ని పట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూశాం. దానికీ మిగతావాటికీ ఉన్న తేడా ఒక్కటే. ఆ అమ్మాయి గదిలో రోజంతా ఏసీ నడుస్తుంది. ఎండల్లో ఎండి ముడుచుకున్న చెక్క వానగాలి పీల్చి ఉబ్బింది. ఏసీ గదిలో ఉన్నది మాత్రం ఉబ్బలేదు. చలిదేశాల ముసలాయన ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటే, ఆయనకి మా శ్రావణమాసం తెలియదు.

ఆ సాయంత్రమే డబ్బాలన్నీ ఆ గదిలోకి చేరాయి. మంచం మీద, పుస్తకాల అరల్లో, కిటికీ గట్టు మీద. పెళ్ళికూతురు దుప్పటి కప్పుకుని, స్వెట్టరు వేసుకుని, వాటి మధ్య కొంచెం చోటు చూసుకుని పడుకుంది. పెళ్ళికి ముందు అత్తారింటి గురించి భయపడతారు గానీ, ఇలా చలికి వణికిన పెళ్ళికూతుర్ని ఎవరూ చూసి ఉండరు. రెండు రోజులకి మూతలు ఒక్కొక్కటే లొంగాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల కిందనుంచి ఫోను చేసి చెప్పేది.

ఇక గీయడం నా పని. మూత లోపల కూర్చునే అంచుని పలచగా గీసి చోటు వదిలాను. మొదటిసారి ప్రాణం ఒప్పక తక్కువ గీశాను. ఏసీ గదిలో హాయిగా తెరుచుకున్నది సెల్లార్‌లో ఒక పూట ఉంచేసరికి మళ్ళీ బిగుసుకుంది. రెండోసారి ధైర్యం చేసి గీశాను. మూత మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చేసింది. నా టప్ పోయింది. నిజం చెప్తున్నాను, దుఃఖం వచ్చింది. సగం వేసవి కష్టపడి సంపాదించుకున్న శబ్దం అది.

"శబ్దం కోసం ఎవరు తెరుస్తారక్కా?" అంది ఆమె. "లోపల ఉన్నదాని కోసం తెరుస్తారు గానీ."

వదినగారి మాట చెవిలో ఉంది కాబట్టి, ఈసారి ఎలా ఉందని ఎవరినీ అడగలేదు. మా అపార్టుమెంటు ఆడవాళ్ళని సెల్లార్‌కి పిలిచి, డబ్బా చేతిలో పెట్టి, "ఇందులోంచి ఒక బాదం పప్పు తీసుకోండి" అనేదాన్ని, అంతే. నోరు మూసుకుని చూసేదాన్ని. అన్నీ వాళ్ళ చేతులే చెప్పాయి. చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్నావిడ ఒక్క చేత్తో తీయబోతే మూత చేతిలోంచి జారింది. పట్టు లేదు. మూత అంచు చుట్టూ వేలికొస ఆనేంత గాడి తీశాను. చేతికి కొబ్బరినూనె ఉన్నావిడకి గాడి చాలలేదు, ఇంకాస్త లోతు చేశాను. మూడో ఫ్లాటు బామ్మగారు బాదం పప్పు తీసుకుని, మూత పెట్టకుండా ఇంకోటి, ఇంకోటి తీసుకుని, డబ్బా ఖాళీ చేసి ఇచ్చారు. అది బాగా తెరుచుకుంటోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆఖరి పరీక్ష పెళ్ళికూతురిది. రెండు చేతులకీ పచ్చి గోరింటాకు పెట్టుకుని, చిటికెన వేళ్ళ గోళ్ళతో మూత ఎత్తాలి. ఎత్తింది. గోరింటాకు చెదరలేదు. సెల్లార్‌లో ఆడవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. ఆ నాలుగు రోజులూ చేసినంత సరదాగా నా జీవితంలో ఎప్పుడూ పని చేయలేదు. బ్యాంకులో అన్నేళ్ళూ చేశాను గానీ, అక్కడ ఎవరూ బాదం పప్పు తీసుకెళ్ళేవాళ్ళు కాదు.

నిఖా రోజు పొద్దుటినుంచీ కుండపోత. ఫంక్షన్ హాలు మెట్ల దాకా నీళ్ళు. మచిలీపట్నం నుంచి వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, చీరలు ఎత్తి పట్టుకుని దిగారు. నాకు చెక్క గురించి తప్ప వేరే ఆలోచన లేదు. ఈ గాలిలో ఇది ఎంత ఉబ్బుతుంది, నేను వదిలిన చోటు సరిపోతుందా అని. జరీ సంచులు పంచుతుంటే స్తంభం పక్కన నిలబడ్డాను. మా కింది ఫ్లాటు ఆమె మొహం నవ్వుతోంది గానీ చేతులు కొంగుని ముడులు వేస్తున్నాయి.

నెయ్యి తక్కువైందన్న నాయనమ్మే మొదట సంచి విప్పింది. ఒక చేతిలో ఊతకర్ర ఉంది. రెండో చేత్తో డబ్బాని ఒళ్ళో ఆనించి, బొటనవేలితో మూతని ఒక్క తోపు తోసింది. వచ్చేసింది. ఆవిడ ఖర్జూరం తీసి నోట్లో వేసుకుని, ఇంకోటి పక్కనున్న మనవరాలి నోట్లో పెట్టింది. అటు వరసలో, ఇటు వరసలో మూతలు వస్తున్నాయి. ఏ చప్పుడూ లేదు.

అప్పుడు పెళ్ళికొడుకు తల్లి డబ్బాని పైకెత్తి, మూతని అటూ ఇటూ కదిపి చూసింది. "మూత కాస్త వదులుగా ఉన్నట్టుందండీ" అంది, మర్యాదగానే.

నేను స్తంభం వెనక్కి జరిగాను. మా కింది ఫ్లాటు ఆమె మాత్రం క్లాసులో పాఠం చెప్పే గొంతు తీసింది. "అది వదులు కాదండీ. వానల్లో చెక్క ఉబ్బుద్ది, దానికి చోటు వదిలిపెట్టి చేసింది మా అక్క. ముసలివాళ్ళు ఒక్క చేత్తో తీసుకోవాలి, గోరింటాకు చేతులవాళ్ళు తీసుకోవాలి, అందరి చేతుల్లో పెట్టి చూసి మరీ చేసింది. బిగుతుగా ఉండేవి బజార్లో ఎక్కడైనా దొరుకుతాయండీ. ఇలాంటివి దొరకవు."

వియ్యపురాలు డబ్బాని ఇంకోసారి చూసుకుంది. "అలాగా అండీ. మీ అక్కగారిని ఒకసారి పిలవండి, చూస్తాం" అంది. నన్ను ముందుకి లాక్కెళ్ళారు. ఆవిడ నా చేతులు పట్టుకుని, ఉలి పట్టి అరచేతుల్లో కాచిన కాయలు వేలితో తడిమి, తన పక్కన కుర్చీ వేయించింది. నాయనమ్మ నాకు కూడా ఒక ఖర్జూరం పెట్టింది.

భోజనాలకి లేచేటప్పుడు మా కింది ఫ్లాటు ఆమె నన్ను పక్కకి తీసుకెళ్ళింది. నా భుజం మీద కొంగు సర్దుతున్నట్టు నటిస్తూ చెవిలో చెప్పింది.

"ఆవిడన్నది నిజమే అక్కా, కొంచెం వదులే. రెండోసారి మీరు ఎక్కువ గీసేశారు. మా చిన్నదాని పెళ్ళికి చేసేటప్పుడు చూసుకోండి."

బల్ల మీద మిగిలిన డబ్బా ఒకటి తీసి చెవి దగ్గర కదిపి చూశాను. మూత లోపల సన్నగా ఆడుతోంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అంత సంతోషం నాకు చాలా తక్కువసార్లు కలిగింది.